బొగ్గు గింజలో పావు ఎకరం

అందరికీ నమస్కారం.

మాటల్లోకి దిగే ముందు ఒక చిన్న పని మొదలుపెట్టి ఉంచుతాను. అది జరుగుతూ ఉంటుంది, మనం మాట్లాడుకుంటూ ఉందాం. ఈ బల్ల మీద మూడు గాజు సీసాలున్నాయి. వెనక వరసల వాళ్లకు కనిపిస్తున్నాయా? సరే. మూడింటిలోనూ అర లీటరు చొప్పున నీళ్లు పోశాను. మెథిలీన్ బ్లూ అనే రంగు కొద్దిగా కలిపాను, అందుకే అంత నీలంగా ఉన్నాయి. మొదటి సీసా జోలికి వెళ్లను, అది పోల్చి చూసుకోవడానికి. రెండో దాంట్లో ఒక గ్రాము యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఫిల్టర్లలో వాడటానికి ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు, వేస్తున్నాను, మెత్తని పొడి. మూడో దాంట్లోనూ అదే కార్బన్, అదే గ్రాము, కాకపోతే మిల్లీమీటరు సైజు గింజలు. మూతలు బిగించి రెండు చేతులతో రెండింటినీ ఒకేలా ఊపుతున్నాను. ఒక రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

చాలు. రెండో సీసా నల్లగా కనిపిస్తోంది, పొడి ఇంకా తేలుతోంది కాబట్టి. కొంచెం తీసి వడపోత కాగితం మీద పోస్తాను. గ్లాసులోకి దిగుతున్న చుక్కల్ని చూడండి. నీలం ఛాయ కూడా లేదు, తేటగా ఉన్నాయి. మరి మూడో సీసా? దాదాపు ఎలా ఉన్నది అలాగే ఉంది, నీలంగా. సరుకు ఒకటే, తూకం ఒకటే, నీళ్లూ ఒకటే. పొడి రెండు నిమిషాల్లో పని ముగించింది, గింజలు ఇంకా మొదలుపెట్టినట్టే లేవు. ఈ గింజల సీసాను ఊపే యంత్రం మీద పెడుతున్నాను. ఆ కిర్రు కిర్రు చప్పుడు కాసేపు భరించండి. చివర్లో మళ్లీ చూద్దాం.

ఫిల్టర్ అనగానే మన మనసులో మెదిలేది జల్లెడ. పెద్దవి పైన ఆగుతాయి, చిన్నవి కిందికి పోతాయి. నీలి రంగు విషయంలో ఆ లెక్క కుదరదు. ఆ రంగు అణువు పొడవు ఒకటిన్నర నానోమీటరు లోపే. వడపోత కాగితం రంధ్రాల ముందు అది ఏ పాటిది? ఇదే నీలి నీళ్లని కాగితం మీద విడిగా పోస్తే నీలంగానే కిందికి దిగుతాయి. కాబట్టి ఇక్కడ రంగుని ఆపింది రంధ్రం కాదు, కార్బన్ గోడ. గోడ దాన్ని తనకు అంటించుకుంది.

దీన్ని శాస్త్రంలో అధిశోషణం అంటారు. శోషణం వేరు, అధిశోషణం వేరు. స్పాంజి నీళ్లు పీలిస్తే అది శోషణం, నీరు దాని ఒళ్లంతా నిండుతుంది. అధిశోషణంలో పట్టుకునేది పైపొర మాత్రమే. గోడకి దుమ్ము పట్టినట్టు అణువులు ఉపరితలానికి పడతాయి. ఈ రెండింటికీ తేడా చూపించేలా అడ్సార్ప్షన్ అనే వేరే మాటను 1881లో హైన్రిక్ కైజర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. ఆ మాట పుట్టేనాటికే పని మాత్రం వందేళ్లుగా జరుగుతోంది. 1773లో షీలె అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త, బొగ్గు గాలుల్ని పట్టుకుంటుందని కొలిచి చూపించాడు. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్స్, గోధుమ రంగు తిరిగిన టార్టారిక్ ఆమ్ల ద్రావణంలో బొగ్గు వేస్తే రంగు విరిగిపోవడం గమనించాడు. ఆ తర్వాత చక్కెర శుద్ధి చేసేవాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. చక్కెర తెల్లబడటానికి నల్లని బొగ్గు కారణం అన్నమాట.

సరే, పట్టుకునేది పైపొరే అయినప్పుడు పైపొర ఎంత ఎక్కువుంటే పని అంత ఎక్కువ. ఇక్కడే ఈ పదార్థం గొప్పతనం ఉంది. మంచి యాక్టివేటెడ్ కార్బన్ ఒక గ్రాము తీసుకుంటే, దాని లోపలి గోడలన్నీ కలిపి సుమారు వెయ్యి చదరపు మీటర్లు. మనకు తెలిసిన లెక్కలో పాతిక సెంట్లు, పావు ఎకరం. ఇందాక ఆ సీసాలో చిటికెడు పొడి వేశాను చూశారా, అందులో పావు ఎకరం ఉంది. నాలుగు గ్రాములు, అంటే ఒక చెంచాడు ఉంటుందేమో, అందులో ఎకరం. నేను ఈ రంగంలోకి వచ్చి చాలా ఏళ్లయింది. ఈ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అంత నేల అంత చిన్న గింజలో ఎలా ఇమిడింది? దీన్ని ఊహించుకోవడానికి నేనొక కొలత వాడతాను. మిల్లీమీటరు గింజని పది లక్షల రెట్లు పెంచండి. అది కిలోమీటరు ఎత్తున్న నల్లటి కొండ అవుతుంది. ఆ కొండలోకి నడిచి వెళ్దాం. ముందు మనిషి దూరగలిగే గుహలు వస్తాయి, ఒక మీటరు వెడల్పువి. వాటినుంచి లోపలికి చీలిన దారులు బెత్తెడు, అంగుళం, చిటికెనవేలు మందం అవుతూ పోతాయి. చివరికి వచ్చేవి మిల్లీమీటరు వెడల్పున్న చీలికలు, కాగితం మడతల మధ్య సందుల్లాంటివి. కొండ లోపల ఎటు చూసినా అవే, లెక్కకు అందనన్ని. ఆ పావు ఎకరంలో దాదాపు అంతా ఈ సన్న చీలికల గోడల్లోనే ఉంది. మనం పెంచిన కొలతలో మిల్లీమీటరు అంటే అసలు కొలతలో ఒక నానోమీటరు. రెండు నానోమీటర్ల లోపు వాటిని సూక్ష్మరంధ్రాలు అంటారు, రెండు నుంచి యాభై దాకా మధ్యరకం, యాభై దాటితే పెద్దవి. పెద్ద గుహలు దారికే, బస చేసేది మాత్రం చీలికల్లో.

ఇదే కొలతలో ఇంకెవరు ఎంత ఉంటారో చూడండి. బెంజీన్ అణువు అర మిల్లీమీటరు పైచిలుకు, రవ్వ పలుకంత. అది చీలికలో చక్కగా దూరుతుంది. వైరస్ కొన్ని అంగుళాల బంతి. మామూలు బ్యాక్టీరియా అయితే మీటరు పొడవు, దూడంత. దూడ పగులులో దూరుతుందా? దూరదు. గుహ ముఖద్వారం దగ్గర పడుకుంటుంది. ఈ దూడ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

చీలిక ఎంత సన్నగా ఉంటే పట్టు అంత గట్టిగా ఎందుకుంటుంది? అణువుకీ అణువుకీ మధ్య ఎప్పుడూ ఉండే బలహీనమైన ఆకర్షణ ఒకటి ఉంది, వాన్ డెర్ వాల్స్ బలం అంటారు. ఒక్క గోడ లాగితే లెక్కలోకి రానంత చిన్నది. చీలికలో దూరిన అణువుని అటు గోడ, ఇటు గోడ, పైకప్పు అన్నీ ఒకేసారి లాగుతాయి. అప్పుడు కదలడం కష్టం. నీళ్లలో ఇంకో సాయం కూడా అందుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. నూనె స్వభావం ఉన్న అణువు వాటి మధ్య ఇమడలేదు, నీళ్లే దాన్ని పక్కకి నెడతాయి. పక్కన కార్బన్ గోడ చోటిస్తుంది. అందుకే నీటిలో అంతగా కరగడానికి ఇష్టపడనివి, కాస్త పెద్దవి కార్బన్‌కి బాగా దొరుకుతాయి: పురుగుమందులు, రంగులు, బెంజీన్ లాంటి ద్రావకాలు, వాసన పుట్టించే పదార్థాలు.

వాసన అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. తొలకరి చినుకులు పడగానే లేచే మట్టి వాసన మనందరికీ ఇష్టం. ఆ వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్ అనే పదార్థం. నేలలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు, చెరువుల్లో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు దాన్ని తయారుచేస్తాయి. నేలలో ఇష్టమైన ఆ వాసనే గ్లాసులో వస్తే నీళ్లు తాగబుద్ధి కాదు. మన ముక్కు ఎంత పదునైనదంటే లీటరు నీటిలో పది నానోగ్రాములున్నా పసిగట్టేవాళ్లుంటారు. వంద కోట్ల లీటర్ల నీటిలో పది గ్రాములు కలిపినట్టు! అంత పలచన పదార్థాన్ని నీటిలోంచి వెతికి పట్టుకోవడం జల్లెడ వల్ల అయ్యే పని కాదు. కార్బన్ పట్టుకుంటుంది. నగరాలకు నీళ్లందించే శుద్ధి కేంద్రాల్లో నాచు పెరిగే రోజుల్లో కార్బన్ పొడిని నేరుగా నీటిలో కలిపి, తర్వాత బురదతో పాటు తీసేసే పద్ధతి ఇందుకే వచ్చింది.

ఇంత నేల ఉన్న బొగ్గుని ఎలా చేస్తారు? కొబ్బరి చిప్ప, కట్టె, రాతి బొగ్గు, లిగ్నైట్, దేనితోనైనా మొదలుపెట్టొచ్చు. ముందు గాలి తగలకుండా కాలుస్తారు. మామూలు బొగ్గు వస్తుంది. అందులో సందులు ఉంటాయి గానీ, తారు లాంటి జిడ్డుతో పూడుకుపోయి ఉంటాయి. ఆ తర్వాతి అడుగే అసలు విద్య. బొగ్గుని ఎనిమిది వందల నుంచి వెయ్యి డిగ్రీల వేడిలో ఉంచి దాని మీదికి నీటి ఆవిరి పంపుతారు. ఆ వేడికి నీటిలోని ఆక్సిజన్ బొగ్గులోని కార్బన్ పరమాణువుని పట్టుకుని కార్బన్ మోనాక్సైడ్ అయి వెళ్లిపోతుంది, హైడ్రోజన్ మిగులుతుంది. ఒక్కొక్క పరమాణువు చొప్పున లోపల గోడలు తరిగి, పూడిన సందులు తెరుచుకుని, కొత్తవి పుడతాయి. గాలి ఊదితే ఇలా జరగదా అని అడుగుతారు. గాలికి బొగ్గు మండుతుంది. మంట వేడిని పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా మండుతుంది, పైనుంచి కాలి బూడిదవుతుంది. ఆవిరి చర్య వేడిని తినేస్తుంది కాబట్టి మెల్లగా, అదుపులో నడుస్తుంది, లోలోపలికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. ఈ పద్ధతికి 1900, 1901లో రాఫేల్ ఫాన్ ఆస్ట్రేయ్కో పేటెంట్లు తీసుకున్నాడు. రసాయనాలతో చేసే దారి ఇంకొకటుంది, ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి తక్కువ వేడిలో కాల్చడం. దాని జోలికి ఇప్పుడు వెళ్లను.

ఈ పనిలో బొగ్గు బరువు బాగా తగ్గిపోతుంది, ఒక్కోసారి సగానికి సగం. అంటే కష్టపడి, ఇంధనం తగలేసి మనం తయారుచేస్తున్నది ఖాళీ. ఆ ఖాళీకే విలువ. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే కార్బన్ ఫిల్టర్ గురించి మిగతాదంతా మీరే చెప్పగలరు. ఖాళీ ఉన్నంతసేపు పని, ఖాళీ నిండితే పని లేదు.

ఇప్పుడు ఆ రెండు సీసాల సంగతి. కొండలోకి మళ్లీ వెళ్దాం. రంగు అణువు కొండ పాదానికి చేరింది. లోపల చోటుంది, కానీ నడవాలి. తిన్నగా నడవదు, గోడల్ని గుద్దుకుంటూ ముందుకీ వెనక్కీ తడబడుతూ పోతుంది. కొండ నడిమికి అర కిలోమీటరు. ఇక పొడి రేణువు సైజు అందాజుగా 0.05 మిల్లీమీటర్లు, మన కొలతలో యాభై మీటర్ల దిబ్బ. నడిమికి పాతిక మీటర్లే. ఇలా తడబడుతూ నడిచేవాటికి ఒక సూత్రం ఉంది: దూరం రెట్టింపైతే పట్టే సమయం నాలుగింతలు. దూరం ఇరవై రెట్లయితే నాలుగు వందల రెట్లు. పొడి ఒక్క నిమిషంలో చేసిన పనికి గింజకి ఆరేడు గంటలు కావాలి. ఆ యంత్రం మీద కిర్రుమంటున్న సీసాలో ఇప్పుడు జరుగుతున్నది ఆ నడకే.

ఫిల్టర్ విషయంలో చాలామంది మరిచిపోయేది ఈ సమయాన్నే. నీళ్లు కార్బన్‌తో ఎంతసేపు ఉన్నాయి అన్నది కార్బన్ ఎంత మంచిది అన్నంత ముఖ్యం. నగర శుద్ధి కేంద్రాల్లో గింజల బెడ్, అంటే గింజలు నింపిన మందపాటి పొర, గుండా నీరు వెళ్లడానికి పది నుంచి ఇరవై నిమిషాలు ఇస్తారు. ఇంట్లో పెట్టుకునే కార్ట్రిడ్జ్‌ని చూడండి. అందులో కార్బన్ ఉన్న చోటు అర లీటరు, నీరు నిమిషానికి మూడు లీటర్లు అనుకుందాం. లెక్క వేస్తే పది సెకన్లు. గింజలకి పది సెకన్లు ఏ మూలకి? అందుకే కార్బన్ బ్లాక్ వచ్చింది. పొడినే బైండర్‌తో కలిపి, వేడి చేసి, గొట్టంలా అదిమి గట్టి చేస్తారు. నీరు బయటనుంచి గోడ గుండా లోపలికి దిగుతుంది. పొడిలో నడక దూరం తక్కువ కాబట్టి కొద్ది సెకన్లలోనే చాలా పని జరుగుతుంది. ఏ ఫిల్టరైనా సరే, కుళాయిని సన్నధారగా తిప్పితే పని మెరుగవుతుంది. పైసా ఖర్చు లేని ఉపాయం ఇది.

క్లోరిన్ సంగతి మాత్రం వేరు, దాన్ని విడిగా చెప్పాలి. కుళాయి నీటిలో క్లోరిన్ వాసన కార్బన్ గుండా వెళ్లగానే పోతుంది కదా. అది అధిశోషణం కాదు, రసాయన చర్య. నీటిలో క్లోరిన్ హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. కార్బన్ ఉపరితలాన్ని తాకగానే అది విడిపోయి, క్లోరైడ్‌గా, అంటే ఉప్పులో ఉండే రూపంగా మారుతుంది. ఇది వేగంగా జరిగే పని, దీనికి లోపలి చీలికల దాకా పోనక్కర్లేదు. ఆర్.ఓ. యంత్రాల్లో మెంబ్రేన్ కంటే ముందు కార్బన్ పెట్టేది ఇందుకే, క్లోరిన్ తగిలితే ఆ పాలిఎమైడ్ మెంబ్రేన్ పాడైపోతుంది కాబట్టి.

ఇక్కడ ఒక మోసపోయే చోటుంది. క్లోరిన్‌ని విరగ్గొట్టే శక్తి కార్బన్‌లో చాలాకాలం మిగిలి ఉంటుంది. పురుగుమందునీ ద్రావకాన్నీ పట్టుకునే చోటు అంతకన్నా చాలా ముందే నిండిపోవచ్చు. క్లోరిన్ వాసన రావట్లేదు కాబట్టి ఫిల్టర్ ఇంకా బాగానే ఉంది అనుకుంటాం. ముక్కు చెప్పేది ఒక్క క్లోరిన్ గురించే. మిగతావాటిలో చాలావాటికి, నీటిలో ఉండే కొద్దిపాటి మోతాదులో, వాసన తెలియదు, రంగు తెలియదు, రుచి తెలియదు.

ఏవి పట్టుకోదో కూడా గట్టిగా చెప్పాలి. ఈ విషయంలో నేను మొహమాటపడను. కార్బన్ ఉప్పుని తీయదు. నీటి కాఠిన్యాన్ని, అంటే కాల్షియం, మెగ్నీషియాన్ని తీయదు. నైట్రేట్‌ని తీయదు. ఫ్లోరైడ్‌ని తీయదు. ఎముకల బొగ్గు ఫ్లోరైడ్ పట్టుకుంటుంది, నిజమే, కానీ అది అందులో ఉన్న కాల్షియం ఫాస్ఫేట్ చేసే పని, కార్బన్‌ది కాదు. ఇవన్నీ నీటిలో హాయిగా కరిగి ఉండే అయాన్లు, నీళ్లను వదిలి గోడ దగ్గరికి రావాల్సిన అవసరం వాటికి లేదు. అందుకే కార్బన్ ఫిల్టర్‌కి ముందూ వెనకా టీడీఎస్ మీటరు పెడితే అంకె దాదాపు మారదు. అంకె మారలేదని ఫిల్టర్ పని చేయట్లేదనడం పొరపాటు. అంకె తక్కువుందని నీళ్లు మంచివనడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఆ మీటరు కొలిచేది కరిగిన లవణాల్ని, కార్బన్ పట్టేది వేరే జాతిని. ఎవరి నీటిలో ఏముందో పరీక్ష చేయించుకోకుండా ఫిల్టర్ ఎంచుకోవడం జబ్బు తెలియకుండా మందు కొనడంతో సమానం.

ఇప్పుడు ఆ దూడ. బ్యాక్టీరియా చీలికల్లో దూరదు, గుహ ముఖద్వారంలో స్థిరపడుతుంది అన్నాను. అక్కడ దానికి ఏం కావాలన్నా ఉంది. నీడ ఉంది, నీరు ఉంది, కార్బన్ పోగుచేసిన సేంద్రియ పదార్థం ఆహారంగా ఉంది, పైగా దాన్ని చంపే క్లోరిన్‌ని కార్బనే తీసేసింది. కొన్నాళ్లు ఊరెళ్లి వచ్చి ఫిల్టర్ తిప్పితే మొదట వచ్చే నీళ్లలో బ్యాక్టీరియా ఎక్కువుంటుంది, కాసేపు పారబోయాలి. సూక్ష్మజీవుల భయం ఉన్న నీటికి కార్బన్ ఒక్కటే చాలదు, మరగబెట్టడమో, అతినీలలోహిత దీపమో, మెంబ్రేనో తోడు ఉండాలి. పెద్ద శుద్ధి కేంద్రాల్లో కొన్నిచోట్ల ఈ సూక్ష్మజీవుల పొరని కావాలనే పెంచుతారు. కార్బన్ పట్టిన సరుకులో కొంత అవి తినేసి చోటు ఖాళీ చేస్తాయి. కానీ ఆ తర్వాత క్రిమిసంహారం తప్పనిసరిగా ఉంటుంది.

గాలి దగ్గరికి వద్దాం. 1915 ఏప్రిల్ 22న, మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ వాయువుని శత్రు కందకాల మీదికి వదిలారు. ఆ తర్వాత విషవాయువుల ముసుగుల కోసం పరుగు మొదలైంది. రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ బొగ్గు నింపిన ముసుగు చేశాడు. 1918లో అమెరికాలో పీచ్ పళ్ల టెంకలు, కాయల చిప్పలు పారేయకుండా ఇవ్వండని జనాన్ని అడిగారు, ముసుగుల్లోకి కార్బన్ చేయడానికి. టెంక ఎంత గట్టిదైతే సూక్ష్మరంధ్రాలు అంత బాగా వస్తాయి, గాలిలోని చిన్న అణువులకి అవే కావాలి. తినేసి విసిరేసే టెంక ఒక మనిషి ఊపిరి నిలబెట్టింది.

గాలిలో అణువుల నడక నీటిలోకన్నా దాదాపు పది వేల రెట్లు వేగం. కాబట్టి గాలి ఫిల్టర్‌లో సెకనులో పదో వంతు సమయమే దొరికినా పని జరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, కార్బన్ ఎంతుంది అన్న దగ్గర. చాలా ఎయిర్ ప్యూరిఫయర్లలో కార్బన్ అంటే నల్లగా అద్దిన పలచని గుడ్డ, కొన్ని గ్రాములు. నాలుగు రోజుల వంట వాసనకే అది నిండిపోవచ్చు. కొనేటప్పుడు కార్బన్ ఎన్ని గ్రాములు అని అడగండి, చేత్తో పట్టుకుని బరువు చూడండి.

దుమ్మూ పొగ రేణువుల్ని ఆపేది హెపా ఫిల్టర్, అది పీచుల వల. వాయువుల్ని పట్టేది కార్బన్. ఒకదాని పని ఇంకోటి చేయదు. వాయువుల్లోనూ ఏది సులువుగా ద్రవంగా మారుతుందో అదే సులువుగా గోడకి పడుతుంది. పెయింట్, జిగురు, పెట్రోలు ఆవిర్లు బాగా పడతాయి. ఫార్మాల్డిహైడ్, అమ్మోనియా మామూలు కార్బన్‌కి సరిగా చిక్కవు, వాటికి రసాయనం పట్టించిన ప్రత్యేక కార్బన్ కావాలి. కార్బన్ మోనాక్సైడ్ అసలే చిక్కదు. అది ద్రవంగా మారాలంటే మైనస్ 191 డిగ్రీల చలి కావాలి. దయచేసి ఇది మనసులో పెట్టుకోండి: మూసిన గదిలో కుంపటి గానీ జనరేటర్ గానీ పెట్టుకుని, ఎయిర్ ప్యూరిఫయర్ ఉంది కదా అని ధీమాగా పడుకోవద్దు. ప్రాణం పోతుంది.

నిండిపోయిన కార్బన్ ఏం చేస్తుందో చెప్తాను. మీరు ఈ హాల్లోకి ఎలా వచ్చారు? ముందు వరసలు నిండాయి, తర్వాత వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లారు. బెడ్‌లోనూ అంతే. నీరు ప్రవేశించే వైపు ముందు నిండుతుంది, నిండే హద్దు రోజురోజుకీ కిందికి జరుగుతుంది. హద్దు అడుగు తాకేదాకా బయటికి శుభ్రమైన నీళ్లే. తాకిన రోజునుంచి కాలుష్యం బయటికి రావడం మొదలవుతుంది, ఏ చప్పుడూ లేకుండా. ఇంకా ఘోరం ఏమిటంటే, గట్టిగా అంటుకునే కొత్త పదార్థం వస్తే, అప్పటికే కూర్చున్న బలహీనమైన వాటిని లేపి ఆ చోట్లో తాను కూర్చుంటుంది. లేచినవన్నీ నీళ్లతో బయటికి పోతాయి. అప్పుడు లోపలికి వచ్చే నీటిలోకన్నా బయటికి వెళ్లే నీటిలో ఆ పదార్థం ఎక్కువుండవచ్చు. గాలిలోనూ ఇదే, తేమ పెరిగినా వేడెక్కినా పాత వాసనలు తిరిగి గదిలోకి వస్తాయి. కార్లలో ఈ గుణాన్నే వాడుకుంటారు. ఆగి ఉన్నప్పుడు ట్యాంకులోంచి లేచే పెట్రోలు ఆవిరిని ఒక కార్బన్ డబ్బా పట్టి ఉంచుతుంది. బండి నడిచేటప్పుడు దాని గుండా గాలి లాగి, ఆ ఆవిరిని ఇంజన్‌కే ఇచ్చేస్తారు.

మరి ఇంట్లో ఫిల్టర్‌ని కడిగి ఎండబెడితే కొత్తదవుతుందా అని ముందు వరసలో ఒక అమ్మగారు అడుగుతున్నారు. మంచి ప్రశ్న అమ్మా. అవదు. కడిగితే పైన పట్టిన మట్టి పోతుంది, ధార పెరుగుతుంది, బాగైనట్టు అనిపిస్తుంది. చీలికల్లో కూర్చున్నది ఎండకి లేవదు. పరిశ్రమల్లో దాన్ని మళ్లీ ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల కొలిమిలో ఆవిరి మధ్య కాల్చి ఖాళీ చేస్తారు. ఒక్కో విడతకి నూటికి ఐదు నుంచి పది వంతుల కార్బన్ పోతుంది కూడా. ఇంట్లో అయితే మార్చడమే. తేదీ కన్నా ఎన్ని లీటర్లు వాడామన్నది చూసి మార్చడం మంచిది. కొత్తది పెట్టాక మొదట్లో వచ్చే నల్ల నీళ్లు చూసి భయపడకండి, అది నుసి. తేటపడేదాకా పారబోయండి.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్లాంటులో పెద్ద ఉక్కు తొట్టి శుభ్రం చేయాలి. లోపల సగానికి తడి కార్బన్, పైన సగం ఖాళీ. రెండు రోజులుగా మూసి ఉంది. మ్యాన్‌హోల్ మూత తీశారు, నేను నిచ్చెన మీద కాలు పెట్టాను. మా సూపర్‌వైజరు గారు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. తాడుకి ఆక్సిజన్ మీటరు కట్టి లోపలికి దింపారు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే ప్రమాదం. అంకె 20 దాటి దిగింది, 18, 16, చివరికి 14 దగ్గర ఆగింది. మీటరు కూత నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "అందులో విషం ఏమీ లేదు కదా సార్" అన్నాను. "విషం లేదు బాబూ, గాలీ లేదు" అన్నారాయన. తడి కార్బన్ మూసిన చోట గాలిలోని ఆక్సిజన్‌ని పట్టేస్తుంది. వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు, తల తిరిగి పడిపోతారు. కాపాడదామని దిగినవాళ్లూ పడిపోతారు. ఈ రంగంలోకి రాబోయే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీటరు దింపకుండా, గాలి ఊదకుండా, పైన మనిషి లేకుండా కార్బన్ తొట్టిలో కాలు పెట్టకండి. ఎవరు తొందరపెట్టినా సరే.

సీసా తీసుకొద్దాం. యంత్రం ఆపుతున్నాను. మొదటి సీసా పక్కన పెట్టి చూడండి, కొద్దిగా పలచబడింది. ఆకాశం రంగుకి వచ్చింది. గింజల బయటి అంచుల్లో చోట్లు నిండుతున్నాయి, మిగతా రంగు ఇంకా దారిలో ఉంది. దీన్ని మళ్లీ యంత్రం మీద పెట్టి, ఇవాళ రాత్రంతా ఊపమని ఇక్కడి వాళ్లని అడిగాను. రేపు ఉదయం తలుపులు తీసేసరికి అందులో నీళ్లు ఏ రంగులో ఉన్నాయో దారిలో ఉన్నవాళ్లు వచ్చి చూసి వెళ్లండి.